ఉప్పు ఊళ్ళో పాత జీపు

మా సిరక్యూస్ ఊరికి కొత్తగా వచ్చే మన వాళ్ళు రెండు రకాలు. మొదటి చలికాలానికి ముందు వచ్చి పలకరించేవాళ్ళు ఇండియా సరుకుల కొట్టు ఎక్కడ, గుడి ఎక్కడ అని అడుగుతారు. మొదటి చలికాలం దాటిన తరువాత వచ్చేవాళ్ళు ఒకటే అడుగుతారు, "ఏ కారు కొనమంటారు?" అని. ఆ ప్రశ్నకి ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా జవాబు చెప్పేకంటే నా అనుభవం ఒకసారి మన పత్రికలో వ్రాసి పడేస్తే మేలని మా ఆవిడ సలహా. ఆ అనుభవంలో సగం ఆవిడదే కనుక కాదనలేకపోయాను.

హ్యూస్టన్‌లోనో ఫీనిక్స్‌లోనో ఎండలో ఉండి ఇది చదివే అదృష్టవంతుల కోసం మా ఊరి సంగతి కాస్త చెప్పాలి. సిరక్యూస్‌లో ఏటా సగటున నూట ఇరవై అంగుళాల పైచిలుకు మంచు పడుతుంది. 1992-93 చలికాలంలో 192 అంగుళాలు పడింది. అంటే పదహారు అడుగులు! ఇదంతా మాకు వాయవ్యంగా ఉన్న ఒంటారియో సరస్సు చలవ. కెనడా నుంచి వచ్చే చల్లగాలి సరస్సు మీదుగా వస్తూ, అంతకంటే వెచ్చగా ఉన్న నీళ్ళ నుంచి తేమ పీల్చుకుని, ఒడ్డు చేరగానే మంచుగా దించేస్తుంది. దించడం కూడా ఊరంతా సమంగా దించదు. పొలంలో సాలు దున్నినట్టు సన్నటి పట్టీలుగా దించుతుంది. ఇంటి దగ్గర ఎండ కాస్తుంటుంది, పది మైళ్ళు పోయేసరికి కారు ముక్కు కనపడదు. మాకు ఉత్తరాన ఉన్న రెడ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో 2007 ఫిబ్రవరిలో సుమారు పది రోజుల్లోనే 141 అంగుళాలు పడింది. ఈ లెక్కలు ఫోనులో చెబితే మా చెల్లెలు ఇప్పటికీ నమ్మదు, అంగుళాలు కాదు సెంటీమీటర్లేమో చూసుకోమంటుంది.

ఇక మా కథ. 1995లో మా ఆవిడకి ఆస్వీగోలో ఒక ఆసుపత్రిలో డాక్టరుద్యోగం వచ్చింది. ఆస్వీగో సరిగ్గా సరస్సు ఒడ్డునే, మా ఇంటికి నలభై మైళ్ళ లోపు. గుంటూరులో ఎం.బి.బి.యస్. చదివి, ఇక్కడికొచ్చి మళ్ళీ పరీక్షలన్నీ వ్రాసి, రెసిడెన్సీ దొరకడానికే ఆరేళ్ళు ఎదురుచూసి, అదీ పూర్తి చేసి సంపాదించుకున్న మొదటి అసలు ఉద్యోగం అది. ఆ ఆరేళ్ళూ ఎలా గడిచాయో ఇక్కడ వ్రాయనక్కరలేదు. మన పాఠకుల ఇళ్ళల్లో చాలామందికి ఆ సంగతి తెలుసు.

1996 జనవరిలో ఒక రాత్రి ఏడుంబావుకి ఆసుపత్రి నుంచి బయలుదేరిన మనిషి ఎనిమిదింటికి ఇంటికి రావాలి. తొమ్మిదయింది, పది అయింది. మా దగ్గర అప్పట్లో సెల్‌ఫోన్లు లేవు. అమ్మాయి నిద్రపోయింది. నేను వంటింటి కిటికీ దగ్గర నుంచున్నాను. మా వీధిలో చుక్క మంచు లేదు, నక్షత్రాలు కనిపిస్తున్నాయి, అంచేత భయం ఇంకా ఎక్కువయింది. రాత్రి ఒంటిగంటకి వచ్చింది. ఫుల్టన్ ఊరు దాటాక ఆ మంచు పట్టీలో చిక్కుకుని కారు రోడ్డు పక్కకి జారి కూరుకుపోయిందట. మాది చిన్న జపాను కారు, ముందు చక్రాలకే ఇంజను పట్టు. గంటకి పది నిమిషాలు ఇంజను వేసుకుంటూ, అది వేసే ముందల్లా దిగి వెనక పొగగొట్టం చుట్టూ మంచు చేత్తో తీస్తూ (అది తీయకపోతే విషవాయువు కార్లోకి వస్తుంది, కొత్తవాళ్ళు ఈ ముక్క మాత్రం మర్చిపోవద్దు), మంచు తోసే బండి వచ్చేదాకా ఒక్కతే కూర్చుంది. ఇంటికి వచ్చి కోటు విప్పి, "ఈ ఉద్యోగం నావల్ల కాదేమోనండీ" అంది. అంతే, ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను. వద్దులే మానెయ్యి అంటే ఆరేళ్ళ కష్టం, మానొద్దు అంటే మళ్ళీ ఆ రోడ్డు.

ఆ చలికాలం ఎలాగో లాగించాం. వేసవిలో మా నాయన ఆరు నెలల వీసా మీద వచ్చారు.

మా నాయన గురించి చెప్పకుండా ఈ వ్యాసం ముందుకి పోదు. ఆయన పంచాయతీ సమితిలో బి.డి.ఓ. గారి జీపు డ్రైవరు. మాది చీరాల వైపు, అప్పట్లో ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. సమితులు పోయి మండలాలు వచ్చేవరకూ ఆయన చేతిలో ఒకటే జీపు. దాంట్లో మామూలు గేరు కర్ర కాక పక్కన ఇంకో రెండు చిన్న కర్రలుండేవి. ఒకటి ముందు చక్రాలకి పట్టు ఇచ్చేది, ఇంకోటి బండిని ఎద్దు నడకలోకి దించి బలం పెంచేది. వానాకాలం నల్లరేగడిలో బస్సులూ లారీలూ ఇరుసుల దాకా దిగిపోతే మా నాయన ఆ రెండు కర్రలూ లాగి, బుసలు కొట్టుకుంటూ దాటుకుపోయేవారు. చిన్నప్పుడు నాకు ఆయన ముందు కలెక్టరు కూడా తక్కువగానే కనిపించేవాడు. ఇంత నడిపినా ఆయన సొంతానికి సైకిలు తప్ప ఏ బండీ కొనలేదు.

అక్టోబరులో ఒక శనివారం ఆయన్నీ వెంటబెట్టుకుని ఈరీ బులవార్డ్ మీదికి పోయాను. బండ్ల దుకాణాలు అప్పట్లో ఆ రోడ్డు పొడుగునా వరసగా ఉండేవి. ఈ ఈరీ బులవార్డ్ రోడ్డు కాక ముందు కాలువ. 1825లో తెరిచిన సుప్రసిద్ధమైన ఈరీ కాలువ మా ఊరి నడిబొడ్డున ప్రవహించేది. ఆల్బనీ నుంచి బఫలో దాకా 363 మైళ్ళు, గుర్రాలూ కంచరగాడిదలూ ఒడ్డున నడుస్తూ పడవల్ని లాగేవి. 1918లో పెద్ద కాలువ ఊరి బయట నుంచి తవ్వాక పాతది పనికిరాక, 1920లలో పూడ్చి రోడ్డు వేశారు. మన బకింగ్‌హాం కాలువని ఎవరైనా పూడ్చి మీద కార్ల దుకాణాలు పెడితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఆ మాట నాయనకి చెబితే, "మనవాళ్ళు పూడ్చకుండానే పూడిపోయిందిలే" అన్నారు. ఆ పడవల్లో పోయిన ముఖ్యమైన సరుకు ఉప్పు. ఒనన్‌డాగా సరస్సు ఒడ్డున ఉప్పు ఊటలుండేవి, ఆ నీళ్ళు కాచి ఉప్పు తీసేవారు. కాలువ తవ్విన ఖర్చులో కొంత ఈ ఉప్పు మీద వేసిన పన్నుతోనే తీర్చారు. అందుకే మా ఊరికి ఉప్పు నగరం అని పేరు. ఉప్పు కాచే పనివాళ్ళు మధ్యాహ్నం భోజనానికి ఆ ఉప్పునీళ్ళలోనే చిన్న చిన్న బంగాళాదుంపలు ఉడకేసుకునేవారట. ఇప్పటికీ వేసవిలో ఇక్కడ అందరూ అవి వెన్నతో తింటారు. మిరప్పొడి చల్లుకుంటే మనకీ బాగానే ఉంటాయి.

ఆ ఉప్పు పరిశ్రమ ఎప్పుడో పోయింది గాని ఊరిని ఉప్పు వదల్లేదు. చలికాలం పొడుగునా రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. దక్షిణాన కయూగా సరస్సు అడుగున రెండు వేల అడుగుల పైచిలుకు లోతున దీనికోసం గనులే ఉన్నాయి. ఆ ఉప్పునీళ్ళు కారు కిందంతా కొట్టి, ఇనుమంతా పొరలు పొరలుగా తినేస్తాయి. కాబట్టి ఇక్కడ పాత బండి కొనేవాడు పైన రంగు చూడకూడదు, కింద చూడాలి. ఈ మాట నేను చెప్పక ముందే మా నాయన దుకాణం ముందు కారు దిగి, ఒక చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకున్నారు. "ఇక్కడా చినగంజామేనట్రా?" అన్నారు. చినగంజాం ఉప్పుకొఠార్ల దగ్గర లారీలు ఎన్నాళ్ళు మన్నుతాయో ఆయనకి తెలుసు.

మొదటి దుకాణంలో ఎర్ర రంగు బండి ఒకటి నిగనిగలాడుతోంది. అమ్మే కుర్రవాడు టై కట్టుకుని, మా నాయన చేయి కూడా కులికాడు. ఆయన లుంగీ మీద నా పాత కోటు, తలకి కోతిటోపీ. కుర్రవాడు నాకు లోపల పాటల పెట్టె, వెచ్చబడే సీట్లు చూపిస్తూంటే నాయన కనపడలేదు. చూస్తే బండి కింద కాళ్ళు రెండూ కనిపిస్తున్నాయి. జేబులో స్క్రూడ్రైవరు తెచ్చుకున్న సంగతి నాకు తెలియదు. కిందనుంచి టక్ టక్ టక్ అని మూడు చప్పుళ్ళు, తరువాత ఒక మెత్తటి చప్పుడు. బయటికి వచ్చి ఆ స్క్రూడ్రైవరు కొన చూపించారు. నల్లటి కొత్త తారు, దాని కింద ఎర్రటి పొడి.

"ఒరేయ్ అబ్బాయ్, కొత్తగా పూశారు. పాత బండికి కొత్త తారు ఎందుకు పూస్తారు?"

కుర్రవాడు ఏమంటున్నారని అడిగాడు. రంగు నచ్చలేదంటున్నారని చెప్పాను. ఎందుకలా అబద్ధం చెప్పానో నాకే తెలియదు, పదేళ్ళయినా ఈ దేశంలో మొహం మీద కాదనడం నాకు అలవాటు కాలేదు. నాయన మాత్రం కారెక్కాక, "రంగు సంగతి నేనన్లేదే" అన్నారు. ఆయనకి అంతమాత్రం ఇంగ్లీషు వచ్చునని అప్పుడు తెలిసింది.

రెండో దుకాణంలో దొరికింది మా బండి. 1993 జీప్ చెరోకీ, ఆకుపచ్చ, 52 వేల మైళ్ళు. సంతలో ఎద్దుకి పళ్ళు చూసినట్టు ఇక్కడ కాలి తొక్కుడు బిళ్ళలు చూడాలి. మైళ్ళు తక్కువ చూపిస్తూ బ్రేకు రబ్బరు అరిగిపోయి ఉంటే అనుమానించాలి. మీటరు తిప్పడం 1972 నుంచీ ఫెడరల్ చట్టం ప్రకారం నిషిద్ధమే, అమ్మేవాడు మైళ్ళెన్నో వ్రాసి సంతకం చేసి ఇవ్వాలి, అయినా చూసుకోవడంలో తప్పు లేదు. అలాగే 1985 నుంచి ప్రతి దుకాణంలోనూ పాత బండి కిటికీకి ఒక కాగితం అంటించాలనే రూలుంది. బండికి వారంటీ ఉందా, లేక ఉన్నది ఉన్నట్టు తీసుకుపోవాలా అన్నది దాంట్లో ఉంటుంది. మన వాళ్ళు చాలామంది ఆ కాగితం ధరల చీటీ అనుకుని చదవరు. న్యూయార్క్ రాష్ట్రంలో ఇంకో మేలు ఉంది. 36 వేల నుంచి 80 వేల మైళ్ళ లోపు తిరిగిన బండిని దుకాణం అమ్మితే, ఇంజను, గేరుబాక్సు, బ్రేకులు వగైరాలకి అరవై రోజులో మూడు వేల మైళ్ళో, ఏది ముందైతే అంతవరకు వాళ్ళే పూచీ. తుప్పుకి మాత్రం ఎవరూ పూచీ కాదు. దానికి స్క్రూడ్రైవరే పూచీ.

నాలుగు చక్రాల పట్టు గురించి ఒక ముక్క. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు నడిచే దారి వేరు, వెనక చక్రాలు నడిచే దారి వేరు, పొడుగులు సమానం కావు. ఈ చెరోకీలో మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. చిన్న కర్ర లాగితే ముందువీ వెనకవీ ఒక దానికొకటి ముడిపడి లాగుతాయి. మంచులోనో ఇసుకలోనో ఆ తేడా చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారడానికి వీల్లేక లోపల గేర్లే మెలిపడతాయి. అలా నడిపి పాడుచేసిన బండ్లు ఎన్నో. నాలుగు టైర్లూ ఒకే సైజు, ఒకే అరుగుదల ఉండాలనేదీ ఇందుకే. ఇప్పుడు వచ్చే చాలా కార్లలో ఈ కర్రా గిర్రా లేదు, ఎప్పుడు ఏ చక్రానికి ఎంతివ్వాలో బండే చూసుకుంటుంది, కాని టైర్ల మాట మాత్రం వాటికీ వర్తిస్తుంది.

దుకాణం వెనక కంకర నేల ఉంది. నాయన అక్కడికి తీసుకుపోయి, కర్ర లాగి, స్టీరింగు పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపమన్నారు. తను పక్కన నడుస్తూ చెవి ఒగ్గి విన్నారు. కుడివైపు, మళ్ళీ ఎడమవైపు. టకటక శబ్దం రాలేదు. "మన జీపు కంటే సుఖంగా ఉందిరా" అన్నారు. అది నిజానికి మన జీపుకి మనవడు. 1940ల చివర మహీంద్రా వాళ్ళు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టిన విల్లీస్ జీపుల మూలం ఒహైయో రాష్ట్రంలో టొలీడో. చెరోకీ తయారైందీ టొలీడోలోనే.

తరువాత బేరం. మన ఒంగోలు వైపు పశువుల సంతలో తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరమాడతారు, పక్కవాడికి తెలియదు. ఇక్కడ తుండుగుడ్డ బదులు అద్దాల గది. అమ్మేవాడు మాటిమాటికీ మేనేజరుని అడిగి వస్తానని లోపలికి పోయి వస్తుంటాడు. లోపల ఏం అడుగుతాడో దేవుడికే తెలియాలి. వాళ్ళ మొదటి ప్రశ్న, "నెలకెంత కట్టగలరు?" ఈ ప్రశ్నకి జవాబు చెప్పకండి. చెప్పారా, మీ నెల వాయిదా మీరన్నంతే ఉంటుంది, నెలలు మాత్రం పెరిగిపోతాయి. నేను ముందే క్రెడిట్ యూనియన్‌లో అప్పు ఖాయం చేసుకుని పోయాను. బండి మొత్తం ధర ఎంత, అదొక్కటే మాట్లాడదాం అన్నాను. 10,900 చెప్పాడు. గంటన్నర తరువాత 9,400 దగ్గర ఆగింది. పైగా ఏదో అదనపు వారంటీ అంటూ 900 డాలర్ల కాగితం ముందుకు తోశాడు. దాన్ని వెనక్కి తోశాను. మా నాయన ఈ గంటన్నరా వాళ్ళిచ్చిన కాఫీ ముట్టుకోలేదు. వాళ్ళ కాఫీ తాగితే మొహమాటపడాల్సి వస్తుందన్నారు.

సంతకం పెట్టేముందు మన మెకానికు చూడాలని నేను పట్టుబట్టాను. నిజమైన దుకాణం అయితే దీనికి ఒప్పుకుంటుంది, ఒప్పుకోకపోతే అదే జవాబు. తూర్పు సిరక్యూస్‌లో ఇంటి వెనక షెడ్డులో పనిచేసే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాం. నలభై డాలర్లు తీసుకున్నాడు. బండిని పైకెత్తి, ముందుకీ వెనక్కీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఉన్న చిన్న గుండ్రటి బిళ్ళ తుడిచి, నవ్వి, చేత్తో రోడ్డు వైపు చూపించాడు. ఆ పెట్టె తయారైంది అక్కడికి దగ్గర్లోనేనట! ఆయన ఆ కార్ఖానాలోనే ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. న్యూ ప్రాసెస్ గేర్ అనే ఆ కంపెనీ 1888లో మా ఊళ్ళో పచ్చితోలుతో పళ్ళచక్రాలు చేయడంతో మొదలైంది, తరువాత దేశంలో తిరిగే ఎన్నో జీపులకీ ట్రక్కులకీ ఈ పెట్టెలు అక్కడి నుంచే పోయేవి. ఉప్పుతో బండ్లని తినే ఊరే ఆ బండ్ల గుండెకాయ చేసేదన్నమాట. మా నాయనా ఆ పెద్దాయనా బండి కింద నిలబడి అరగంట మాట్లాడుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. నేను తర్జుమాకి సిద్ధమైతే ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. వేలితో ఇక్కడ, అక్కడ అని చూపించుకోవడం, తల ఊపుకోవడం. చివరికి ఆయన నాతో, "మీ నాన్నగారు వెనక ఇరుసు సీలు కారుతోందంటున్నారు, నిజమే" అన్నాడు. ఆ సీలు దుకాణం వాళ్ళే మార్చి ఇచ్చారు.

నవంబరు రెండో వారంలో మొదటి మంచు పడింది. ఆ రోజు మా ఆవిడకి రాత్రి డ్యూటీ. ఎవరూ అడగకుండానే నాయన కోటు వేసుకుని, ఫ్లాస్కులో కాఫీ పోయించుకుని, ముందు సీట్లో కూర్చున్నారు.

"మామయ్యా, చలండీ, మీరెందుకు?"

"నువ్వు నడుపమ్మా. నేను కర్ర ఎప్పుడు లాగాలో చెబుతా."

దారిలో ఏం జరిగిందో మా ఆవిడ తరువాత చెప్పింది. ఫుల్టన్ దాటాక ఆ పట్టీ తగిలింది. కర్ర లాగింది. బండి కుదురుగా పోతోంది. ధైర్యం వచ్చి కాస్త వేగం పెంచితే మామగారు మొదటిసారి గట్టిగా మాట్లాడారట. "ఇది లాగుతుంది గాని ఆపదమ్మా. ఆపేది బ్రేకే, అది అన్ని బండ్లకీ ఒకటే." ఈ ఒక్క వాక్యం తెలియక ప్రతి ఏడూ మొదటి మంచుకి రోడ్డు పక్క గుంటల్లో పెద్ద పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లే ఎక్కువ కనిపిస్తాయి. ఆ రాత్రంతా ఆయన ఆసుపత్రి వరండా కుర్చీలో పడుకుని తెల్లారి కోడలితో తిరిగి వచ్చారు. డిసెంబరులో ఆయన ఇండియా వెళ్ళిపోయేలోగా అలా ఐదారు సార్లు పోయారు. చివరి రెండు సార్లూ మా ఆవిడే వద్దంది, అక్కర్లేదని. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు గాని, స్క్రూడ్రైవరు బండి పెట్టెలో పెట్టి వెళ్ళారు.

మా ఆవిడ ఆ ఆసుపత్రిలో 2014 వరకూ పనిచేసింది. నాయన 2003లో పోయారు. చెరోకీ 2006 వరకూ నడిచింది, 1,71,000 మైళ్ళు. ఆ ఏడు వార్షిక తనిఖీలో కింద నేల తుప్పుపట్టి చిల్లులు పడిందని పాస్ చేయలేదు. ఇంజనూ గేర్లూ నిక్షేపంగా ఉన్నా నేల లేని బండిని ఏం చేస్తాం! పాత ఇనుప సామాను వాడు వచ్చి 225 డాలర్లిచ్చాడు. ఆ గేర్ల కార్ఖానా కూడా 2012లో మూతబడింది. ఈరీ బులవార్డ్ మీద ఇప్పుడు దుకాణాలు కొన్ని ఉన్నాయి, కొన్ని పోయాయి, రోడ్డు మధ్యలో సైకిళ్ళ దారి వేశారు. ఎవరైనా కొత్తగా పాత బండి కొనాలంటే నన్ను పిలవండి, శనివారాలు ఖాళీయే. స్క్రూడ్రైవరు నా దగ్గరే ఉంది.